తోట, గడి, విహార స్థలం: బోధన్ చెరకు సీమ నుంచి ఒక పరిశీలన

లక్ష్యం

ఈ పాఠం చదివిన తరువాత మీరు తోటల ఆర్థిక వ్యవస్థకూ సంస్థాన భూస్వామ్యానికీ ఉన్న తేడాను వివరించగలగాలి. పాత ఎస్టేటు ఒకటి పర్యాటక స్థలంగా మారినప్పుడు దాని చరిత్రలో ఏది నిలుస్తుందో, ఏది జారిపోతుందో గుర్తించగలగాలి. తేదీలు బట్టీ పట్టించడం నా ఉద్దేశం కాదు. అయినా కొన్ని తేదీలు లేకుండా ఈ కథ ముందుకు సాగదు, అవి మాత్రం గుర్తుంచుకోండి.

1. పరిచయం

నిజామాబాద్ బస్టాండులో బోధన్ బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చోండి. దారిలో కాలువలు, వరి మడులు, అక్కడక్కడా పసుపు చేలు కనిపిస్తాయి. జానకంపేట దగ్గర అశోక్ సాగర్ వస్తుంది. దారికి కాస్త పక్కగా అలీసాగర్ ఉంది, అక్కడి ఉద్యానవనానికి, గుట్ట మీది అతిథి గృహానికి ఆదివారం నాడు కుటుంబాలు టిఫిన్ డబ్బాలతో వెళ్తాయి. ఇంకొంత దూరం పోతే బోధన్. ఆ ఊరిని ఆనుకొని శక్కర్‌నగర్. శక్కర్ అంటే ఉర్దూలో చక్కెర. అంటే ఆ పేట పుట్టుక ఏమిటో దాని పేరులోనే ఉంది. ఒకప్పుడు ఆసియాలోనే అతి పెద్దదని పేరు పొందిన చక్కెర కర్మాగారం అక్కడ ఉంది. ఇప్పుడు దాని పొగ గొట్టాల నుంచి పొగ రాదు.

ఇదే దారిలో మీరు రెండు రకాల స్థలాలు చూశారు. ఒకటి జనం సరదాగా చూడటానికి వెళ్లే చోటు, రెండోది ఎవరూ చూడటానికి వెళ్లని చోటు. నిజానికి రెండూ ఒకే చరిత్రలో భాగాలు. రెండూ నిజాంసాగర్ కాలపు నిర్మాణాలే, నీటిని నమ్ముకొని పుట్టినవే. ఒకటి చూడదగిన స్థలం ఎందుకయింది? మరొకటి తాళం పడిన ఆవరణగా ఎందుకు మిగిలింది? ఈ పాఠమంతా ఆ ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

2. తోట అంటే ఏమిటి?

ముందు మాటను చూద్దాం. తెలుగు రైతు వరిని మడి అంటాడు, జొన్నను చేను అంటాడు, చెరకును మాత్రం తోట అంటాడు. మొదటి సారి నాటింది మొక్క తోట, నరికిన మొదళ్ల నుంచి మళ్లీ వచ్చేది కార్శి తోట లేదా పిలక తోట. తోట అనడంలో ఒక లెక్క ఉంది. ఏడాది పొడుగునా నీరు కావాలి, పెట్టుబడి ఎక్కువ, పంట చేతికి రావడానికి పది పన్నెండు నెలలు పడుతుంది. అంతకాలం ఆగగలిగినవాడే చెరకు వేయగలడు.

ఆర్థిక చరిత్రకారులు ‘ప్లాంటేషన్’ అనే మాటను ఇంకాస్త ఇరుకైన అర్థంలో వాడతారు. విశాలమైన భూమి ఒకే యాజమాన్యం కింద ఉండాలి. ఒకే పంట పండాలి. ఆ పంట ఇంటి వాడకానికి కాకుండా దూరపు మార్కెట్టుకు పోవాలి. పని చేసేవాళ్లు ఎక్కడినుంచో తెచ్చినవాళ్లో, కదలడానికి వీలు లేకుండా కట్టిపడేసినవాళ్లో అయి ఉండాలి. కరీబియన్ దీవులు, అమెరికాలోని లూసియానా, మారిషస్, ఫిజీ ఈ పద్ధతికి పేరుపొందాయి. ఈ ప్రాంతాలన్నిటిలోనూ చెరకు ఉండటం యాదృచ్ఛికం కాదు. నరికిన చెరకును ఒకటి రెండు రోజులు వదిలేస్తే రసంలోని చక్కెర పాడవుతుంది, తూకం తగ్గుతుంది. కాబట్టి గానుగ గాని, మిల్లు గాని తోట పక్కనే ఉండాలి. నరికేవాళ్లు, మోసేవాళ్లు, మిల్లు తిప్పేవాళ్లు ఒకే గడియారానికి పనిచేయాలి. పొలంలోకి ఫ్యాక్టరీ క్రమశిక్షణ ముందుగా ప్రవేశించింది చెరకుతోనే అని చెప్పవచ్చు.

తెలంగాణ గడి దీనికి భిన్నమైనది. గడి అంటే దొర నివాసం, కచేరీ, ధాన్యపు కొట్టు, ఒక్కోసారి బందీఖానా కూడా. దాని ఆదాయం శిస్తు నుంచి, కౌలు నుంచి, వెట్టి నుంచి వచ్చేది. గడి కింద ఊరంతా ఉండేది, ఊరిలో అన్ని పంటలూ ఉండేవి. తోటలో కూలీ శ్రమను అమ్ముకుంటాడు, లేదా ఒప్పందంతో, బలవంతంతో ఇస్తాడు. గడి కింద మనిషి తన కులం ప్రకారం సేవ చేయాలి. రెండూ అణచివేతలే కావచ్చు, కాని వాటి యంత్రాంగం వేరు. పరీక్షలో ఈ రెంటినీ కలిపి ‘ఫ్యూడల్ వ్యవస్థ’ అని ఒక్క మాటలో రాసేవాళ్లు ఏటా ఉంటారు. మీరు అలా రాయకండి.

3. నీరు వచ్చింది, చక్కెర వచ్చింది

బోధన్ చెరకు సీమగా పుట్టలేదు. ప్రాచీన అశ్మక జనపదానికి రాజధాని అయిన పోదన ఈ బోధనే అని చాలామంది చరిత్రకారులు గుర్తిస్తారు. వేములవాడ చాళుక్యుల తొలి రాజధాని కూడా ఇదే. జైన సంప్రదాయంలో బాహుబలి కథతో ముడిపడిన పోదనపురం కూడా ఇదేనని చెబుతారు. ఇంత పాత ఊరిని చెరకు ఊరుగా మార్చింది 20వ శతాబ్దపు ఇంజనీరింగు.

మంజీరా నదిపై అచ్చంపేట వద్ద నిజాంసాగర్ నిర్మాణం 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో, చీఫ్ ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఆధ్వర్యంలో ఆ పని జరిగింది. 2,75,000 ఎకరాలకు నీరివ్వాలని లక్ష్యం. అంతకుముందు ఈ ప్రాంతపు సాగు చెరువుల మీద, బావుల మీద ఆధారపడేది. వానకాలపు ఆబి పంట దక్కితే దక్కేది, తాబి పంట చెరువు నిండితేనే. కాలువ వచ్చాక ఏడాదంతా తడి ఉంచగల భూమి మొదటిసారి పెద్ద ఎత్తున ఏర్పడింది.

అయితే కాలువ తవ్వినంత మాత్రాన ఆయకట్టు నిండదు. నీరు వాడటం తెలిసిన రైతులు, పెట్టుబడి పెట్టగలవాళ్లు కావాలి. అందుకే కోస్తా జిల్లాల నుంచి, ముఖ్యంగా డెల్టా సేద్యం తెలిసిన రైతులు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. నిజామాబాద్ జిల్లా పటం చూస్తే పేరు చివర ‘క్యాంపు’ అనే మాట ఉన్న ఊళ్లు మీకు కనిపిస్తాయి. వాటిలో చాలా వరకు ఆ వలసల గుర్తులే. స్థానిక రైతుకూ వలస రైతుకూ మధ్య భూమి ధరల్లో, నీటి వాడకంలో ఏర్పడిన తేడాలు తరువాతి తెలంగాణ రాజకీయాల్లో ఎలా పలికాయో మరో పాఠంలో చదువుతారు.

ఇక చక్కెర. 1932లో భారత ప్రభుత్వం చక్కెర పరిశ్రమకు సుంకాల రక్షణ ఇచ్చింది. అప్పటివరకు మన మార్కెట్టును నింపిన జావా చక్కెర వెనక్కి తగ్గింది. 1931-32లో దేశంలో సుమారు 30 చక్కెర మిల్లులు ఉండగా, ఆ దశాబ్దం మధ్యకు వచ్చేసరికి అవి 130 దాటాయి. ఈ ఊపులోనే హైదరాబాద్ రాజ్యం తన పారిశ్రామిక ట్రస్టు నిధి నుంచి పెట్టుబడి పెట్టి, 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీని స్థాపించింది. మరుసటి ఏడాది నుంచి చెరకు ఆడటం మొదలైంది.

ఇక్కడ ఒక విషయం ప్రత్యేకంగా గమనించండి. ఉత్తర భారతంలో చాలా మిల్లులు చుట్టుపక్కల చిన్న రైతుల దగ్గర చెరకు కొనేవి. నిజాం షుగర్ ఫ్యాక్టరీ రైతుల నుంచి కొనడంతోపాటు తన సొంత ఫారాలను వేల ఎకరాల్లో నడిపింది. ఒకే యాజమాన్యం, ఒకే పంట, పక్కనే మిల్లు, క్రషింగ్ సీజనులో ముఠాలుగా పనిచేసే కూలీలు. ఇందాక మనం చెప్పుకున్న తోట లక్షణాలలో చాలావరకు తెలంగాణలో కనిపించేది ఇక్కడే. కాని ఈ తోటకు యజమాని కుటుంబం కాదు, రాజ్యం. నిజాం రాజ్యం పోయాక ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. ఈ తేడా ఎందుకు ముఖ్యమో కొంచెం ఆగితే తెలుస్తుంది.

ఫ్యాక్టరీ చుట్టూ ఒక లోకం ఏర్పడింది. క్వార్టర్లు, బడి, ఆసుపత్రి, క్లబ్బు, కార్మిక సంఘాలు. చెరకు పిప్పి బాయిలర్లలో మండేది. మడ్డి నుంచి ఆల్కహాలు తీసేవారు. ఎవరి తోట ఎప్పుడు నరకాలో ఫ్యాక్టరీ ఇచ్చే కటింగ్ ఆర్డరు నిర్ణయించేది. ఆ కాగితం ఆలస్యమైతే చెరకు ఎండేది, రైతు నష్టపోయేవాడు. 1961లో ఆంధ్రప్రదేశ్ చెరకు సరఫరా, కొనుగోలు క్రమబద్ధీకరణ చట్టం వచ్చాక ఫ్యాక్టరీకి కేటాయించిన ప్రాంతంలోని రైతుకూ మిల్లుకూ మధ్య సంబంధం చట్టబద్ధమైంది. బెల్లం వండుకునే ఊరి గానుగకు, ఫ్యాక్టరీకి మధ్య పోటీ మాత్రం ఆగలేదు. బెల్లం ధర బాగున్న ఏడు రైతు మనసు గానుగ వైపు లాగేది.

పతనం ఒక్కసారిగా రాలేదు. మంజీరాపై ఎగువన సింగూరు జలాశయం వచ్చి, ఆ నీరు హైదరాబాద్ నగరపు దాహానికి మళ్లింది. నిజాంసాగర్‌లో పూడిక పేరుకొని నిల్వ సామర్థ్యం బాగా తగ్గింది. చివరి ఆయకట్టుకు నీరు అందని ఏళ్లు వచ్చాయి. యంత్రాలు పాతబడ్డాయి, నష్టాలు పెరిగాయి. సొంత ఫారాల భూమి కాలక్రమంలో పంపిణీల ద్వారా, అమ్మకాల ద్వారా తరిగిపోయింది. 2002లో శక్కర్‌నగర్, ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లు 51 శాతం ప్రైవేటు వాటాతో నిజాం దక్కన్ షుగర్స్ లిమిటెడ్ అనే సంస్థ కిందికి వెళ్లాయి. 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటించారు. తెలంగాణ ఉద్యమంలో ఈ ఫ్యాక్టరీని తిరిగి ప్రభుత్వం తీసుకోవాలనేది పెద్ద డిమాండ్లలో ఒకటి. రాష్ట్రం వచ్చిన ఏడాదిన్నరకే మూతపడటం బోధన్ ప్రజలకు మింగుడుపడని విషయం. తెరిపించే మార్గాలు చూడటానికి 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఒక మంత్రివర్గ స్థాయి కమిటీని కూడా వేసింది. ఈలోగా ఆయకట్టులో చెరకు స్థానాన్ని వరి, సోయా, పసుపు ఆక్రమించాయి.

4. దోమకొండ: ఒక కుటుంబం, ఒక గడి

ఇప్పుడు ఇదే పాత జిల్లాలో వేరే కథ చూద్దాం. దోమకొండ 2016 వరకు నిజామాబాద్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు కామారెడ్డి జిల్లాలో ఉంది. ఇక్కడి సంస్థానం కామినేని వంశానిది. వీరి పూర్వులు బిక్కనవోలు, అంటే నేటి భిక్కనూరు నుంచి పాలించారు. షట్చక్రవర్తి చరిత్ర రాసిన కామినేని మల్లారెడ్డి ఈ వంశపు కవి రాజే. కుతుబ్‌షాహీల కాలంలోనూ, తరువాత ఆసఫ్‌జాహీల కాలంలోనూ ఈ సంస్థానాధీశులు పై ప్రభువుకు పేష్కష్ చెల్లిస్తూ తమ ప్రాంతాన్ని ఏలారు.

కోట చుట్టూ రాతి గోడ, కందకం. లోపల కాకతీయుల నాటి శివాలయం. నివాస భవనాలలో అద్దాల మేడ పేరున్నది. సున్నపు పని, కలప స్తంభాలు, తోరణాల కమానులు చూస్తే దక్కనీ పద్ధతీ ఐరోపా అలంకారమూ ఎలా కలిశాయో తెలుస్తుంది. కాకతీయ ఆలయం నుంచి ఆసఫ్‌జాహీ కాలపు మేడ దాకా అయిదారు శతాబ్దాల నిర్మాణ చరిత్ర ఒకే ఆవరణలో దొరకడం తెలంగాణలో అరుదు.

1948 సెప్టెంబరులో హైదరాబాద్ రాజ్యం భారత యూనియన్‌లో కలిసింది. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారీ చట్టం, 1973లో భూసంస్కరణల చట్టం వచ్చాయి. ఆదాయం పోయాక గడీలు మిగిలాయి. తెలంగాణ అంతటా వాటి గతి మీకు తెలిసిందే. కొన్ని బడులయ్యాయి, కొన్ని పోలీసు ఠాణాలయ్యాయి. కొన్నింటి తలుపులు, దూలాలు ఊడబెరుక్కుపోయారు. కొన్నింటిలో మర్రి మొలిచింది. ఉద్యమ కాలంలో కొన్నిటిని జనం కోపంతో కూలగొట్టారు, ఆ కోపానికి కారణం ఉంది.

దోమకొండ ఆ దారిన పోలేదు. కుటుంబ వారసులు ట్రస్టు ఏర్పాటు చేసి పునరుద్ధరణకు పూనుకున్నారు. పరిరక్షణ వాస్తుశిల్పి అనురాధా నాయక్ ఆ పనికి నాయకత్వం వహించారు. ఇప్పుడు కోటను సందర్శకులు చూడవచ్చు, అక్కడ వేడుకలూ జరుగుతాయి. 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాలలో దోమకొండ కోటకు అవార్డ్ ఆఫ్ మెరిట్ వచ్చింది. అదే ఏడు గోల్కొండ మెట్ల బావులకు కూడా పురస్కారం దక్కింది. ప్రభుత్వ సొత్తు కాని, ఒక మారుమూల ఊరి కోటకు ఆ గుర్తింపు రావడం చిన్న విషయం కాదు.

పునరుద్ధరణ అంటే రంగు వేయడం అనుకునేవారికి ఒక మాట. పాత కట్టడంలో సిమెంటు వాడితే గోడలోని తేమ బయటికి పోలేదు. రాయి, ఇటుక లోపలి నుంచి పొడిబారి రాలిపోతాయి. అందుకని సున్నమే కావాలి. దక్కనులో పాత మేస్త్రీలు సున్నం, ఇసుకలను ఎద్దు గానుగలో రోజుల తరబడి నూరి డంగు సున్నం తయారు చేసేవారు. బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు అందులో కలపడం వాడుక. చెరకు ఆడే గానుగ, సున్నం నూరే గానుగ రెంటికీ తెలుగులో ఒకే పేరు ఉండటం, ఆ చెరకు బెల్లమే దొరల మేడల గోడల్లోకి చేరడం నాకు ఎప్పుడూ ఆసక్తి కలిగించే విషయం. ఇలాంటి పని ఒక చోట మొదలైతే మరిచిపోయిన చేతి విద్య మళ్లీ పది మంది మేస్త్రీలకు వస్తుంది. పర్యాటకం వల్ల ఊరికి కలిగే మేళ్లలో నేను దీన్ని ముందు లెక్కిస్తాను. టికెట్ల డబ్బు తరువాతి సంగతి.

ఇప్పుడు ఇందాకటి తేడా దగ్గరికి వద్దాం. దోమకొండకు వారసులున్నారు. తమ పేరు, తమ పూర్వుల పేరు నిలబెట్టాలనే పట్టుదల, దానికి పెట్టుబడి వారి దగ్గర ఉన్నాయి. శక్కర్‌నగర్‌కు వారసులు ఎవరు? చట్టం దృష్టిలో ప్రభుత్వం, ఒక ప్రైవేటు సంస్థ. అక్కడ జీవితాలు గడిపిన వేల కుటుంబాలకు దాని మీద హక్కు కాగితం లేదు. కుటుంబ గతం వారసత్వ సంపదగా మారడం తేలిక. కార్మికుల గతం అలా మారాలంటే ఎవరో ఒకరు పూనుకోవాలి.

5. తెలుగువారు చూసిన మరో తోట

ప్రపంచంలో చెరకు తోటలు విహార స్థలాలైన చోటు ఒకటి మనకు దగ్గరి చుట్టం. అది మారిషస్. 1834 నుంచి ఆ దీవి చెరకు తోటలకు భారతదేశం నుంచి ఒప్పంద కూలీలను తరలించారు. 1920ల నాటికి వెళ్లినవారు దాదాపు అయిదు లక్షలు. వారిలో తెలుగువారూ ఉన్నారు. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు నుంచి, విశాఖ, గంజాం ప్రాంతాల నుంచి వారు ఓడలెక్కారు. నేడు మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవు దినం.

ఆ దీవి నైరుతి తీరంలో బెల్ ఓంబ్ర్ అనే ఎస్టేటు ఉంది. చార్లెస్ టెల్ఫేర్ అనే ఐరిష్ వృక్షశాస్త్ర ప్రియుడు 1816లో దాన్ని కొన్నాడు. అప్పటికి అక్కడ పనిచేసేవారు బానిసలు. వారిని బాగానే చూసుకుంటున్నానని వాదిస్తూ 1830లో అతను ఒక పుస్తకమే రాశాడు. అయిదేళ్లకు మారిషస్‌లో బానిసత్వం రద్దయింది, వారి స్థానంలోకి మన ఒప్పంద కూలీలు వచ్చారు. 1999లో అక్కడి చక్కెర మిల్లు మూతపడింది. ఇప్పుడు ఆ ఎస్టేటులో ఖరీదైన హోటళ్లు, గోల్ఫ్ మైదానం ఉన్నాయి. ఒక హోటలుకు టెల్ఫేర్ పేరే పెట్టారు. దొర మేడ భోజనశాలగా అతిథులను ఆహ్వానిస్తోంది.

అదే 1999లో మూతపడిన మరో మిల్లు బో ప్లాన్. దాన్ని 2002లో చక్కెర మ్యూజియంగా తెరిచారు. పాత యంత్రాల మధ్య నడుస్తూ బానిసత్వం, ఒప్పంద కూలీ, చక్కెర వ్యాపారం గురించి చదువుకోవచ్చు. రాజధాని పోర్ట్ లూయీలో కూలీలు ఓడ దిగిన ఆప్రవాసీ ఘాట్ 2006లో ప్రపంచ వారసత్వ స్థలమైంది. అంటే ఒకే దీవిలో ఒకే రకం గతానికి మూడు భిన్నమైన గతులు పట్టాయి. ఒక చోట హోటలు, ఒక చోట మ్యూజియం, ఒక చోట స్మారకం.

అమెరికాలో ఈ వాదన ఇంకా పదునుగా నడుస్తోంది. లూసియానాలో విట్నీ అనే చెరకు తోటను 2014లో పూర్తిగా బానిసల దృష్టి నుంచి చూపే మ్యూజియంగా తెరిచారు. అదే రాష్ట్రంలో నాటోవే అనే మరో చెరకు ఎస్టేటు మేడ, 1859లో రాండాల్ఫ్ అనే కామందు కట్టించింది, చాలా ఏళ్లు రిసార్టుగా, పెళ్లి వేదికగా నడిచింది. 2025 మేలో అది మంటల్లో కాలిపోయింది. కొందరు గొప్ప కట్టడం పోయిందని విలపించారు. మరికొందరు, బానిసల వారసులతో సహా, సంతోషించారు. అంతకుముందు 2019లోనే కొన్ని పెళ్లి వెబ్‌సైట్లు తోట మేడల్లో జరిగే పెళ్లిళ్లను ప్రచారం చేయబోమని ప్రకటించాయి.

ఆ సంతోషం సరైనదేనా అని మీరు అడగవచ్చు. నా అభిప్రాయం చెబుతాను, మీరు ఒప్పుకోవాల్సిన పని లేదు. కట్టడం కాలిపోతే దాన్ని కట్టినవారి పనితనం కూడా కాలిపోతుంది. ఆ ఇటుకలు చేసింది బానిసలే. గడి కూలిపోయినా అంతే. గోడ మిగిలి ఉంటే, దాని ముందు నిలబడి దాన్ని ఎవరు కట్టారని అడగవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: బెల్ ఓంబ్ర్, బో ప్లాన్ రెండూ 1999లో మూతపడిన చక్కెర ఎస్టేట్లే. వాటి తరువాతి చరిత్ర ఎందుకు వేరయింది? యాజమాన్యం, పెట్టుబడి, సందర్శకుడి కోరిక అనే మూడు కోణాల నుంచి పది వాక్యాలలో రాయండి.

6. గైడు చెప్పేది, చెప్పనిది

తెలంగాణలో ఏ గడికి వెళ్లినా మీకు మొదట వినిపించేది రాజుల పేర్లు, గోడల మందం, తలుపుల చెక్కడం. ఇది దోమకొండ ఒక్కదానికే పరిమితమైన సంగతి కాదు, ప్రపంచమంతా గైడ్ల అలవాటు ఇదే. సందర్శకుడు సెలవు రోజున వస్తాడు, అతనికి బాధ చెబితే మళ్లీ రాడని నిర్వాహకుల భయం. ఆ భయంలో నిజం లేకపోలేదు. కాని వెట్టి గురించి ఒక్క మాట లేకుండా గడి చరిత్ర చెప్పడం, నీటి గురించి చెప్పకుండా నిజాంసాగర్ చరిత్ర చెప్పడంలాంటిది. నీళ్లు మోసినవారు, కుండలిచ్చినవారు, బట్టలుతికినవారు, డప్పు కొట్టి కబురు చెప్పినవారు, కూలి లేకుండా పొలం దున్నినవారు లేకపోతే గడిలో పొయ్యి వెలగదు.

అలాగని దొరలందరూ ఒక్క తీరు అని రాసినా చరిత్ర కాదు. ఇదే జిల్లాలో సిర్నాపల్లి సంస్థానాన్ని శీలం జానకీబాయి అనే స్త్రీ ఏలింది. జానకంపేటకు ఆమె పేరే వచ్చిందని స్థానికులు చెబుతారు. ఆమె చెరువుల గురించి, పాలన గురించి మంచి మాటలే ఎక్కువ వినిపిస్తాయి. ఆ మాటలు ఎవరు చెబుతున్నారు, చెరువు కింద భూమి ఉన్నవారా, చెరువు మట్టి తవ్వినవారి మనవలా అని అడగటం మన పని.

నిజామాబాద్ పట్టణంలోని ఖిల్లానే తీసుకోండి. ఇందూరు అనే పాత పేరు నాటి కోట అది. రఘునాథాలయం ఉన్న ఆ గుట్ట మీద నిజాం కాలంలో జైలు నడిచింది. 1948లో దాశరథి కృష్ణమాచార్య అక్కడ ఖైదీగా ఉంటూ బొగ్గుతో గోడ మీద పద్యాలు రాశారు. కోటకు వెళ్లే యాత్రికుడికి ఆలయమూ కావాలి, ఆ గోడా కావాలి. రెండూ చూపగలిగిన చోటు అది. మరి శక్కర్‌నగర్‌లో అలాంటి గోడ ఏది? ఫ్యాక్టరీ తిరిగి నడవాలని బోధన్ ప్రజలు కోరుకుంటున్నారు, పని కావాలి కాబట్టి. ఆ కోరికను పక్కన పెట్టి మ్యూజియం కట్టండి అనడం తొందరపాటు. అయితే మిల్లు మళ్లీ తెరుచుకున్నా తెరుచుకోకపోయినా, పాత యంత్రాలు తుక్కుగా పోకముందే, పాత రికార్డులు చెదలు పట్టకముందే వాటి జాబితా తయారు కావాలి. ఆ పనికి రిసార్టూ అక్కరలేదు, పెద్ద పెట్టుబడీ అక్కరలేదు.

7. ఆధారాలు ఎక్కడ దొరుకుతాయి?

గడి గురించి రాయాలంటే ముందు భూమి కాగితాలు చూడాలి. తెలంగాణలో 1954-55 నాటి ఖాస్రా పహాణీ ముఖ్యమైన ఆధారం. ఏ సర్వే నంబరు ఎవరి పట్టా, ఎవరు సాగు చేస్తున్నారు అన్న రెండు సంగతులూ అందులో విడివిడిగా ఉంటాయి. పట్టాదారు పేరు, సాగుదారు పేరు వేరయిన ప్రతి చోటా ఒక కథ ఉంది. నిజాం పాలనా కాలపు దఫ్తరాలు హైదరాబాద్‌లోని తార్నాకలో ఉన్న రాష్ట్ర పురావస్తు పత్రాగారంలో ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఉర్దూ, పర్షియన్ భాషలలో ఉంటుంది. ఉర్దూ చదవగలిగినవారు మీలో ఉంటే, బోధన్ వంటి ఊళ్లలో తప్పక ఉంటారు, ఆ శక్తిని వృథా చేయకండి. తెలుగు మాత్రమే వచ్చిన నాలాంటి వారికి అది ఎప్పుడూ ఉన్న లోటు.

ఇక కాగితాలలో దొరకనిది మనుషుల దగ్గర దొరుకుతుంది. కొన్నేళ్ల క్రితం నిజామాబాద్‌లో జరిగిన ఒక సంపర్క తరగతిలో ఈ పాఠం చెబుతున్నాను. చివరి బెంచీలో కూర్చున్న ఒక విద్యార్థిని మధ్యాహ్నం భోజన విరామంలో నా దగ్గరికి వచ్చింది. ప్లాస్టిక్ కవరులో జాగ్రత్తగా మడిచి పెట్టిన పాత జీతం చీటీ చూపించింది. అది వాళ్ల తాతది, చక్కెర ఫ్యాక్టరీలో సీజను కూలీగా పనిచేసినప్పటిది. “ఇది చరిత్రలోకి వస్తదా సార్?” అని అడిగింది. వస్తుందమ్మా అన్నాను. ఎన్ని రోజులు పని దొరికింది, ఎంత కోత పడింది, ఓవర్‌టైము ఎంత అన్నవన్నీ ఆ చిన్న కాగితంలో ఉన్నాయి. అద్దాల మేడ నిర్మాణ శైలి మీద రాసిన వ్యాసాలు చాలా చదివాను. సీజను కూలీ ఏడాదిలో మిగిలిన నెలలు ఎలా బతికాడో రాసిన వ్యాసం నాకు ఇంతవరకు చేతికి అందలేదు.

8. క్షేత్ర పని

మీ ఊరికి దగ్గరలో ఉన్న ఒక గడి, మిల్లు, గానుగ లేదా కాలువ బంగళాను ఎంచుకోండి. అది ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది, దేనికి వాడుతున్నారు, అక్కడ బోర్డు ఉంటే దాని మీద ఏమి రాసి ఉంది అని ముందు నోట్ చేసుకోండి. తరువాత అక్కడ పనిచేసిన, లేదా పనిచేసినవారి ఇంట్లో పెరిగిన, అరవై ఏళ్లు దాటిన ఇద్దరితో మాట్లాడండి. వీలైతే వారిలో ఒకరు స్త్రీ అయి ఉండాలి. చెరకు కట్టలు కట్టిన చేతుల గురించి మగవాళ్లు చెప్పే లెక్క, ఆడవాళ్లు చెప్పే లెక్క ఒకటి కావు. వారు చెప్పింది వారి మాటల్లోనే రాసుకోండి, భాషను దిద్దకండి. బోర్డు చెప్పిన దానికీ వారు చెప్పిన దానికీ ఎక్కడ తేడా వచ్చిందో చివర ఒక పేరాలో రాయండి. పేర్లు వాడటానికి వారి అనుమతి తీసుకోండి, ఇవ్వకపోతే వయసు, పని, పని చేసిన కాలం మాత్రం రాస్తే చాలు. నాలుగు పుటలు మించనివ్వకండి. పాత చీటీలు, ఫోటోలు ఎవరైనా చూపిస్తే అసలు కాగితం తీసుకురావద్దు, ఫోన్‌లో ఫోటో తీసుకొని అసలుది వారికే తిరిగి ఇచ్చి, తరువాతి సంపర్క తరగతికి రండి.